పెన్‌డ్రైవ్ కనిపించకపోతే ఫార్మాట్ వద్దు, ముందు టార్చిలైటు తీయండి

"పెన్‌డ్రైవ్ పెట్టినా, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ పెట్టినా లైటు వెలుగుతోంది గానీ కంప్యూటర్‌లో కనిపించడం లేదు. షాపులో ఫార్మాట్ చెయ్యాలంటున్నారు, చేయించమంటారా?" అని అడిగారు. వద్దండీ, చేయించకండి. మీది ఏ ఊరో రాయలేదు. సముద్రం పక్క ఊరైతే మాత్రం నా మాట ఇంకా గట్టిగా వినండి.

మేం విశాఖలో లాసన్స్ బే కాలనీలో ఉంటాం. నేను పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. రోజూ ఎవరో ఒకరు పెన్‌డ్రైవో మెమరీ కార్డో తెచ్చి చేతిలో పెడుతూనే ఉంటారు. ఇక్కడ కిటికీ గ్రిల్‌కి ఏడాదికోసారి రంగు వెయ్యకపోతే తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. ఇనుమునే తినేసే గాలి, గోరంత పోర్టులో ఉన్న రేకుల్ని వదిలిపెడుతుందా? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి ఉప్పు తుంపర హాలు మధ్యదాకా కొట్టింది. కరెంటు వచ్చాక కంప్యూటర్ ఆన్ అయింది, హమ్మయ్య అనుకున్నాం. నెల తిరిగేసరికి ముందువైపు పోర్టులు రెండూ పనిచెయ్యడం మానేశాయి. ఏ పోర్టు మొరాయించినా ముందు టార్చి వేసి లోపల చూడటం నాకు అప్పటి నుంచీ అలవాటు.

అసలు సంగతి పోయిన శ్రావణంలో జరిగింది. పెద వాల్తేరు నుంచి మా పిన్ని వచ్చింది. చేతి రుమాల్లో చుట్టి హార్డ్‌డిస్క్ తెచ్చింది. బాబాయ్ పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి వచ్చిన వాళ్లందరికీ ఆయన షష్టిపూర్తి వీడియో చూపించాలని ఆవిడ కోరిక. ఆ వీడియో ఉన్నది ఆ ఒక్క డిస్కులోనే. షాపు కుర్రాడు రెండు నిమిషాలు చూసి, "డిస్కు పోయిందండీ, ఫార్మాట్ కొట్టేస్తే మళ్లీ వాడుకోవచ్చు" అన్నాడట.

"వాడుకోడానికి నాకేటమ్మా, అందులో మీ బాబాయ్ గొంతుంది" అంది పిన్ని.

నా కంప్యూటర్ ముందు పోర్టుకే పెట్టాను. లైటు వెలిగింది, విండోస్ మాత్రం చప్పుడు చెయ్యలేదు. డిస్కు మీద అరచెయ్యి ఆనించాను. లోపల గుయ్‌మని తిరగబోయి, టిక్కుమని ఆగిపోతోంది. మళ్లీ తిరగబోతోంది, మళ్లీ టిక్కు. చచ్చిపోయిన డిస్కు కూడా ఇలాగే టిక్కు టిక్కు అంటుంది, నిజమే. కానీ కరెంటు చాలని డిస్కు కూడా అచ్చం ఇలాగే అంటుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది, 3.0 అయితే 900. తిరగడం మొదలుపెట్టేటప్పుడే హార్డ్‌డిస్కుకి ఎక్కువ కరెంటు కావాలి. ముందువైపు పోర్టులకి మదర్‌బోర్డు నుంచి సన్నటి వైరు మీద వస్తుంది. దానికి తోడు పిన్ని తెచ్చిన కేబుల్ నా చెయ్యంత పొడుగుంది. టార్చి వేసి చూస్తే కేబుల్ మూతిలో రేకుల మీద పచ్చటి చిలుము, పూజగదిలో తోమని రాగి చెంబుకి పట్టినట్టు.

నా దగ్గరున్న జానెడు కేబుల్ తీసి, వెనకవైపు మదర్‌బోర్డు మీదే ఉండే పోర్టుకి పెట్టాను. డిస్కు ఆగకుండా తిరిగింది. డింగ్‌మని చప్పుడు వచ్చింది. పిన్ని నా భుజం పట్టుకుంది. అయినా "దిస్ పీసీ"లో డ్రైవ్ లేదు! కుర్రాళ్లు ఇక్కడే చేతులెత్తేస్తారు. విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి, వచ్చిన పట్టీలో డిస్క్ మేనేజ్‌మెంట్ (తగిలించిన డిస్కులన్నీ చూపించే చోటు) తెరిచాను. కింద 931 జీబీ, పక్కన హెల్దీ అని ఉంది (1 టీబీ డిస్కుని విండోస్ 931 అనే చూపిస్తుంది, కంగారుపడకండి). లేనిదల్లా సి, డి లాంటి డ్రైవ్ అక్షరం. రైట్ క్లిక్ చేసి, డ్రైవ్ లెటర్ మార్చే చోటికి వెళ్లి, పిన్ని గుర్తుగా "పి" ఇచ్చాను. ఫోల్డర్లన్నీ వచ్చాయి.

వీడియోలో బాబాయ్ పీటల మీద కూచుని, "ఇదిగో, పంతులుగారికి మజ్జిగ ఇచ్చారా?" అని అడుగుతున్నాడు. పిన్ని అదే ముక్క నాలుగుసార్లు వెనక్కి తిప్పించుకుంది. ఫార్మాట్ కొట్టేస్తానన్నది దీన్నేనండీ! కనిపించకపోవడం వేరు, పోవడం వేరు. ఈ తేడా తెలియని వాళ్లు జనం జ్ఞాపకాల మీద చెయ్యి వెయ్యకూడదు.

మీరు లైటు వెలుగుతోందన్నారు కదా, దాన్ని నమ్మకండి. మామూలు యూఎస్‌బీ ప్లగ్గులో నాలుగు రేకులుంటాయి. అటూ ఇటూ ఉన్న పొడుగు రేకులు రెండూ కరెంటువి, మధ్యలో పొట్టివి రెండూ డేటావి. మధ్య రేకులకి చిలుము పడితే లైటు దివ్యంగా వెలుగుతుంది, కంప్యూటర్‌కి మాత్రం కబురు అందదు. కంప్యూటర్ ఆపేసి, కరెంటు ప్లగ్గూ యూఎస్‌బీ ప్లగ్గూ పీకి, ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌లో (ఎలక్ట్రానిక్ సామాన్లు తుడిచే స్పిరిటు) ముంచిన సన్నటి బ్రష్‌తో మెల్లిగా తుడిచి, బాగా ఆరనివ్వండి. పిన్నీసుతో గీకొద్దు. నోటితో ఊదొద్దు, ఊపిరిలో ఉండేదీ తేమే.

పోర్టూ కేబులూ బాగానే ఉంటే, డివైస్ మేనేజర్‌లో (కంప్యూటర్‌కి తగిలించిన పరికరాల జాబితా) పసుపు గుర్తు ఉన్నదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చెయ్యండి. ఆఫీసు కంప్యూటర్‌లో మౌస్ పనిచేస్తూ పెన్‌డ్రైవ్ ఒక్కటే రాకపోతే, అది ఐటీ వాళ్లు వేసిన తాళం అయ్యుంటుంది, వాళ్లనే అడగాలి. లైనక్స్‌లో ఫార్మాట్ అయిన డిస్కునైతే విండోస్ చదవలేక, ఫార్మాట్ చెయ్యమని తనే అడుగుతుంది. ఆ పెట్టె ఎప్పుడొచ్చినా క్యాన్సిల్ నొక్కండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో "రా" (RAW, అంటే లోపలి ఫైళ్ల అమరికని విండోస్ గుర్తుపట్టలేదని) అని చూపిస్తే మాత్రం ఇంకేమీ ముట్టుకోకుండా, ముందు లోపలి డేటాని రికవరీ చేయించి వేరే డిస్కులోకి తీసుకోండి.

అడగకపోయినా ఇంకోటి చెప్పాలి. కొన్ని వందల రూపాయలకే 2 టీబీ అని అమ్మే పెన్‌డ్రైవ్‌లు కొనకండి. అవి కంప్యూటర్‌కి అబద్ధపు సైజు చెబుతాయి, అసలు చోటు నిండాక వేసిన ఫోటోలన్నీ గల్లంతే. పెళ్లి వీడియో ఒకే ఒక్క పెన్‌డ్రైవ్‌లో వేసి చేతిలో పెట్టేసే ఫోటోగ్రాఫర్ల మీద కూడా నాకు కోపమే. ఇంకో కాపీ చేసుకోండని ఒక్క మాట చెబితే ఏం పోతుంది?

పిన్ని డిస్కుకి ఆ రోజే కాపీ తీశాను. ఒకటి ఆవిడ దగ్గర మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో, తేమ పీల్చే సిలికా పొట్లాలతో పాటు ఉంది. రెండోది అనకాపల్లిలో తమ్ముడి ఇంట్లో ఉంది. మీరూ ముందు పొట్టి కేబుల్‌తో వెనక పోర్టుకి పెట్టి, డిస్కు మీద చెయ్యి ఆనించి చూడండి. తిరుగుతోందా, ఆగిపోతోందా, డింగ్ వస్తోందా అన్నది కింద రాయండి, రాత్రికి చూసి చెబుతాను.