పిస్టల్ తూటాలో రైఫిల్ పౌడర్ వాడొచ్చా? పౌడర్ ఏదైనా ఒకటే కదా?

వాడకూడదు, రెండూ మండే వేగాలు వేరు.

ముడిసరుకు మాత్రం ఒకటే, నైట్రోసెల్యులోజ్. గుంటూరు జిన్నింగు మిల్లుల్లో చూసే పత్తికి నత్రికామ్లం, గంధకామ్లం తగిలిస్తే పుట్టేది అదే. తూటాలో అది పేలదు, అతివేగంగా మండుతుంది. ఎంత వేగమన్నది ప్రధానంగా పలుకుల ఆకారం, పరిమాణం, పైపూత తేలుస్తాయి. పిస్టల్ గొట్టం జానెడు కూడా ఉండదు, గుండు బయటపడేలోపే పౌడర్ కాలాలి. అందుకే తాటాకులా భగ్గుమనేది కావాలి. రైఫిల్ గొట్టం సాధారణంగా అర మీటరు ఉంటుంది, అక్కడ చింతమొద్దులా నిలకడగా మండాలి. పిస్టల్ పౌడర్‌ని రైఫిల్ తూటా నిండా పోస్తే ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి తుపాకీయే పగలొచ్చు.

9 ఎంఎం తూటానే చూడండి. అందులో పట్టే పౌడర్ సుమారు 0.3 గ్రాములు, చిటికెడే. కొన్ని రకాలైతే పొరపాటున రెండుసార్లు పోసినా ఇత్తడి కేసు (తూటా డొల్ల) పొంగిపొర్లదు, తేడా తెలియదు. అందుకే గుండు బిగించేముందు ప్రతి కేసులోకీ తొంగి చూస్తారు. కొలత పౌడర్ కంపెనీ పట్టికలోదే, అదీ కనిష్ఠం నుంచి మొదలు.

‘తక్కువ పోస్తే భద్రం’ అనేది పెద్ద అపోహ. బలం చాలక గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది. వెనకాలే ఇంకోటి కాలిస్తే గొట్టం చీలుతుంది.

ఇంకో అపోహ విజయవాడలోనైనా ఎక్కడైనా ఒకటే: పిస్టల్ లైసెన్సు ఉంటే తూటాలూ చేసుకోవచ్చని. 1959 ఆయుధాల చట్టంలో దగ్గర ఉంచుకోవడానికి అనుమతి సెక్షన్ 3 కింద, తయారీకి సెక్షన్ 5 కింద.