కొత్త నర్సుకి మొదటి ఉద్యోగం: అనుభవం అడిగితే ఏం చెప్పాలి, ఎక్కడ చేరాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నర్సింగ్ పూర్తయి, రిజిస్ట్రేషన్ చేతికొచ్చి నాలుగు నెలలైంది. ఇరవై చోట్ల అప్లై చేస్తే మూడు చోట్ల నుంచే పిలుపొచ్చింది. ఆ మూడు చోట్లా "అనుభవం ఎంత?" అని అడిగి పంపేశారు. ఐసీయూలోనే చేరాలని మీ కోరిక. ఇప్పుడు ఒక చిన్న ఆసుపత్రి వెంటనే వచ్చి చేరమంటోంది, వచ్చే వారం ఇంకోచోట ఇంటర్వ్యూ ఉంది, ఏం చేయమంటారు అని అడిగారు.

నేను పదమూడేళ్లుగా నర్సుని. నాలుగేళ్ల నుంచి మెడికల్ వార్డు ఇన్‌ఛార్జ్‌ని కాబట్టి కొత్తవాళ్ల ఇంటర్వ్యూల్లో ప్రశ్నలడిగే వైపు కూర్చుంటున్నాను. జవాబులు చెప్పే వైపు కూర్చున్న రోజుల్ని మాత్రం ఇంకా మర్చిపోలేదు.

వెంటనే రమ్మన్న చోటు సంగతి ముందు చెబుతాను. నేనూ అలాంటి చోటే చేరాను. ఇంటర్వ్యూ పది నిమిషాలు కూడా జరగలేదు. సర్టిఫికెట్లు చూసి, "రేపట్నుంచి రాగలవా?" అన్నారు. ఎగిరి గంతేసినంత పని చేశాను. మూడు రోజులు వార్డు చూపించారు, నాలుగో రోజు నైట్ డ్యూటీ వేశారు. ఇరవై రెండు మంది పేషెంట్లు, నేను, ఒక ఆయా.

ఆ రాత్రి ఒక పెద్దాయనకి రక్తం ఎక్కించాలి. కింది అంతస్తు నర్సుని పిలిచి పేరు, గ్రూపు, బ్యాగ్ నంబరు ఇద్దరం కలిసి సరిచూసుకున్నాం. ఆమె కిందికి వెళ్లింది, నేను మొదలుపెట్టాను. మొదటి 15 నిమిషాలు పేషెంట్ పక్కనే ఉండాలని నాకు తెలుసు. ఐదు నిమిషాలు కాకముందే చివరి గదిలో బెల్ మోగింది. వెళ్లాను. తిరిగొచ్చేసరికి పెద్దాయన దుప్పటి కింద వణుకుతున్నారు. "నడుము నొప్పమ్మా" అంటున్నారు. నేను ఫోన్ దగ్గరికి పరిగెత్తి, డాక్టర్ నంబరు కోసం డైరీ పేజీలు తిప్పుతున్నాను. సంతకం కోసం మళ్లీ పైకి వచ్చిన ఆ నర్సు మంచం వైపు చూసి, "ముందు రక్తం ఆపమ్మా!" అంటూ తనే వెళ్లి ట్యూబుని మూసే క్లాంప్ బిగించేసింది. తర్వాత సెట్ మార్చి కొత్త ట్యూబుతో సెలైన్ పెట్టడం, బీపీ, పల్స్, జ్వరం వెంటవెంటనే చూడటం, డాక్టర్ రావడం, బ్యాగ్‌ని ట్యూబుతో సహా బ్లడ్ బ్యాంకుకి తిప్పి పంపడం అన్నీ జరిగాయి. తెల్లారేసరికి పెద్దాయన కుదుటపడ్డారు.

"రియాక్షన్ వస్తే మొట్టమొదట ఏం చేయాలి?" అన్నది ఫైనల్ పరీక్షలో నాకు పూర్తి మార్కులు వచ్చిన ప్రశ్న. అయినా ఆ నిమిషంలో చేతికి రాలేదు. కాలేజీలో నేర్చుకున్నదానికీ వార్డులో ఎదురయ్యేదానికీ మధ్య ఉన్న ఈ అగాధానికి అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు మార్లీన్ క్రేమర్ 1974లోనే "రియాలిటీ షాక్" అని పేరు పెట్టారు. నాకు ఈ మాట చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ రోజుల్లో మాత్రం నేను నర్సుగా పనికిరానేమో అని ఏడ్చాను. ఐదు వారాలకి మానేశాను.

అందుకే మీకు నేను గట్టిగా చెప్పేది ఒకటే. మొదటి ఉద్యోగంలో డిపార్ట్‌మెంట్ పేరు కంటే, ఆసుపత్రి పేరు కంటే, మొదటి కొన్ని నెలలు మీ పక్కన ఎవరుంటారన్నది ముఖ్యం. చిన్న ఆసుపత్రి అని వద్దనుకోకండి, పెద్దదని కళ్లు మూసుకుని చేరకండి. ఇప్పుడు రమ్మంటున్న చోటికే వెళ్లి అడగండి: ఎన్ని వారాలు సీనియర్‌తో కలిసి డ్యూటీ ఉంటుంది? ఆ వారాల్లో నన్ను కూడా లెక్కలో వేసి పేషెంట్లను పంచేస్తారా, లేక సీనియర్ పేషెంట్లనే ఇద్దరం చూస్తామా? ఈ రెండో ప్రశ్న అడగడం ఎవరికీ తట్టదు. "ట్రైనింగ్ ఉంది" అంటారు, మొదటి రోజే ఎనిమిది మందిని అప్పజెబుతారు, సీనియర్‌కి తన పేషెంట్లతోనే ఊపిరాడదు. అది ట్రైనింగ్ కాదు. మంచి వార్డులో మొదట్లో మీరు అదనపు మనిషిగా ఉంటారు. మీ పేరు మీద బెడ్లు నెమ్మదిగా పెరుగుతాయి.

ఇంకో మూడు సంగతులు త్వరగా చెప్పేస్తాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, కాపీలివ్వండి, ఒరిజినల్స్ మాత్రం ఎవరి దగ్గరా వదలొద్దు. ఇన్నాళ్లు మానకూడదనే బాండ్ ఉంటే, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదివాకే సంతకం పెట్టండి. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగే ఏజెంట్లకి దూరంగా ఉండండి. పనివాళ్ల దగ్గర ఏజెన్సీలు ఫీజు తీసుకోకూడదన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 ఒప్పందంలోనే ఉంది.

ఇక "అనుభవం ఎంత?" అన్న ప్రశ్న. మీరు "లేదు మేడమ్, ఫ్రెషర్‌ని" అని ఉంటారు. అక్కడే తలుపు మూసుకుపోతుంది. మీకు అనుభవం ఉంది, దాన్ని చెప్పడం రావాలి. పోయినసారి నా ముందుకి రెండు రెజ్యూమెలు వచ్చాయి. ఒకదాంట్లో "కష్టపడే స్వభావం, టీమ్‌తో కలిసి పనిచేస్తాను" అని ఉంది. ఇంకోదాంట్లో "సర్జికల్ వార్డు, 8 వారాలు. ఆపరేషన్ నుంచి వచ్చిన పేషెంట్ల పరిశీలన, డ్రెయిన్ లెక్కలు, డ్రెస్సింగ్‌లు. చివరి 2 వారాలు పర్యవేక్షణలో నలుగురు పేషెంట్లు" అని ఉంది. ఇద్దరూ ఫ్రెషర్లే, ఇద్దరిదీ ఒకే కాలేజీ. రెండో అమ్మాయిని చూడకముందే నాకు ఆమె పని కళ్లకి కట్టింది. కాలేజీలో వార్డు పోస్టింగ్స్ (శిక్షణ డ్యూటీలు) రాసుకున్న మీ లాగ్‌బుక్ ఇవాళే బయటికి తీయండి. ప్రతి పోస్టింగ్‌కీ ఎన్ని వారాలు, ఎలాంటి పేషెంట్లు, మీ చేత్తో ఏం చేశారు, ఏం పక్కన నిలబడి చూశారు అన్నది రాయండి. చూసినదాన్ని చేసినట్టు రాయకండి, రెండో ప్రశ్నకే దొరికిపోతారు. బీఎల్ఎస్ (గుండె, ఊపిరి ఆగినప్పుడు చేసే ప్రాథమిక ప్రాణరక్షణ శిక్షణ) సర్టిఫికెట్ ఉంటే తేదీ చూసుకోండి, సాధారణంగా రెండేళ్లకే గడువు తీరిపోతుంది.

ఇరవై చోట్ల ఆన్‌లైన్‌లో అప్లై చేశానన్నారు. మీరు పోస్టింగ్స్ చేసిన వార్డులకి వెళ్లారా? చాలామంది ఈ పని చేయరు, మొహమాటం. నేను తీసుకున్న కొత్తవాళ్లలో ఎక్కువమంది మా దగ్గర స్టూడెంట్లుగా పనిచేసినవాళ్లే. డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల వివరాలు అప్పజెప్పే హ్యాండోవర్‌కి ఎవరు టైముకి వచ్చారో, పెద్దావిడకి పక్క మార్చేటప్పుడు ఎవరు చెయ్యి వేశారో మాకు గుర్తుంటుంది. నేరుగా ఇన్‌ఛార్జ్ సిస్టర్ దగ్గరికి వెళ్లండి. ఉదయం రౌండ్స్ టైములో కాకుండా మధ్యాహ్నం కాస్త ఖాళీగా ఉన్నప్పుడు. "సిస్టర్, రిజిస్ట్రేషన్ వచ్చింది, ఇక్కడ గానీ మీకు తెలిసిన చోట గానీ ఖాళీ ఉంటే చెప్పండి, మీ పేరు రిఫరెన్స్‌గా ఇవ్వొచ్చా?" అంటే చాలు.

వచ్చే వారం ఇంటర్వ్యూలో మేమడిగేలాంటివే అడుగుతారనుకుంటున్నాను. 500 మిల్లీలీటర్ల సెలైన్ 8 గంటల్లో వెళ్లాలి, సెట్టు 20 చుక్కలకి ఒక మిల్లీలీటరు, నిమిషానికి ఎన్ని చుక్కలు? (500ని 20తో హెచ్చవేసి 480 నిమిషాలతో భాగిస్తే దాదాపు 21.) చెమటలు పట్టి తికమకగా మాట్లాడుతున్న షుగర్ పేషెంట్, గ్లూకోమీటర్‌లో 52 మిల్లీగ్రాములే వచ్చింది, ముందేం చేస్తారు? మింగగలిగే స్థితిలో ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ తాగించి 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. మింగలేకపోతే నోట్లో ఏమీ వేయకుండా వెంటనే సాయం పిలవాలి. పొటాషియం క్లోరైడ్‌ని పలుచన చేయకుండా నేరుగా నరంలోకి ఇచ్చేయమని ఎవరైనా ఫోన్‌లో చెబితే? ఈ ప్రశ్నలో మేం చూసేది ధైర్యం. అలా ఇస్తే గుండె ఆగిపోవచ్చు. "ఇవ్వను, కారణం చెప్పి మళ్లీ అడుగుతాను, సీనియర్‌కి చెబుతాను" అనాలి.

తెలియనిది తెలియదని చెప్పండి. ఒకమ్మాయిని ఒక మందు డోసు అడిగితే, "తెలియదు మేడమ్. మందుల పుస్తకం చూసి, అనుమానం ఉంటే ఫార్మసీని అడిగి, అప్పుడే ఇస్తాను" అంది. తీసుకున్నాం. ఊహించి డోసు చెప్పిన అబ్బాయి మిగతావన్నీ బాగా చెప్పినా తీసుకోలేకపోయాం.

డాక్టర్‌కి ఫోన్ చేయడం ఇంట్లో గట్టిగా సాధన చేయండి. పేషెంట్ సంగతి వరుసగా చెప్పే ఎస్‌బార్ పద్ధతి కాలేజీలో చెప్పే ఉంటారు: పరిస్థితి, నేపథ్యం, మీ అంచనా, మీకేం కావాలి. "డాక్టర్ గారూ, మెడికల్ వార్డు నుంచి స్టాఫ్ నర్సుని. ఎనిమిదో బెడ్ పేషెంట్ బీపీ గంట క్రితం 124/80, ఇప్పుడు 92/58, పల్స్ 118. నిన్న న్యుమోనియాతో చేరారు. ఇన్ఫెక్షన్ ముదురుతోందేమో అనిపిస్తోంది. మీరు వెంటనే వచ్చి చూడాలి." చివరి వాక్యం దగ్గరే కొత్తవాళ్ల గొంతు సన్నబడుతుంది. అద్దం ముందు దాన్నే పదిసార్లు చెప్పండి.

ఐసీయూ గురించి: "ముందు వార్డులో చేస్తేనే ఐసీయూ" అని కొందరు శాసనంలా చెబుతారు, నేనలా అనను. కొత్తవాళ్లని తీసుకుని వారాల తరబడి సీనియర్‌తో కలిపి నేర్పే ఐసీయూ దొరికితే వెళ్లండి. అది లేకుండా వెంటిలేటర్ పేషెంట్‌ని అప్పజెప్పేస్తామంటే వద్దు. అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు ప్యాట్రీషియా బెన్నర్ 1984లో నర్సు ఎదుగుదలని ఐదు దశలుగా చెప్పారు. వార్డులో నిపుణురాలైనా కొత్త విభాగానికి వెళ్తే మళ్లీ మొదటి మెట్టు మీదే నిలబడొచ్చని కూడా ఆవిడే అన్నారు. కాబట్టి ఏడాది వార్డులో చేస్తే ఐసీయూ చేతికొచ్చేస్తుందని కాదు. కానీ ఆ ఏడాదిలో ఒక మనిషి దిగజారుతున్నాడని మానిటర్ లేకుండా మొహం చూసి పసిగట్టడం వస్తుంది.

నా రెండో ఇంటర్వ్యూలో "ఐదు వారాలకే ఎందుకు మానేశారు?" అని అడిగారు. అబద్ధం సిద్ధం చేసుకుని వెళ్లాను, నోరు తెరిస్తే రక్తం సంగతి మొత్తం బయటికొచ్చింది. ఇంటర్వ్యూ చేసినావిడ అంతా విని, "ఇప్పుడైతే ఏం చేస్తావమ్మా?" అన్నారు. "ముందు క్లాంప్ బిగిస్తాను. అసలు బ్యాగ్ మొదలుపెట్టే ముందే ఇంకొకరిని వార్డులో ఉండమని, బెల్ మోగితే వాళ్లని వెళ్లమని చెబుతాను" అన్నాను. ఆ ఉద్యోగం వచ్చింది. ఆరు వారాలు ఒక సీనియర్ నన్ను పక్కనపెట్టుకుని తిప్పింది.

ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడగాలా?" అంటారు. "మొదటి నైట్ డ్యూటీలో నా పక్కన ఎవరుంటారు?" అని అడగండి. వాళ్లు రోస్టర్ (డ్యూటీల పట్టిక) తీసి ఒక మనిషిని చూపిస్తే చేరండి. "అవసరమైతే ఫోన్ చేయొచ్చు" అంటే, ఇంటికొచ్చి ఇంకో రెండు చోట్లకి అప్లై చేయండి.