బోర్డు ఒకటే, కార్యదర్శులు ఇద్దరు

ప్రశ్న: నదులు, సాగునీరు చూసే మంత్రిత్వ శాఖను, తాగునీటి మంత్రిత్వ శాఖను కలిపి 2019లో కేంద్రం జల్‌శక్తి శాఖ పెట్టింది కదా. ఇక నీటి సంగతి ఏదైనా ఒక్కచోటే తేలుతుందనుకున్నాం. మా చెరువు పూడిక గురించి అక్కడికి రాస్తే, అది తమ పని కాదన్నారు. మరి కలిపినదేమిటి?
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మంత్రి కుర్చీని కలిపారండీ. 2019 మే 30న ప్రభుత్వం ప్రమాణ స్వీకారం చేసింది. మరునాటికి గజేంద్రసింగ్ షెకావత్ జల్‌శక్తి మంత్రి. ఇందుకు పార్లమెంటు చట్టం అక్కర్లేదు. ఏ పని ఎవరిదో చెప్పే 1961 నాటి నియమావళిని సవరిస్తే చాలు.

లోపల మాత్రం జలవనరుల విభాగం, తాగునీరు-పారిశుద్ధ్య విభాగం నేటికీ వేర్వేరే. ఇద్దరు కార్యదర్శులు, రెండు బడ్జెట్ పద్దులు. మంత్రిత్వ శాఖనూ, దాని కిందుండే విభాగాన్నీ మనం 'శాఖ' అనే పిలుస్తాం, సగం గందరగోళం అక్కడే పుడుతుంది.

నేను ఒక జిల్లా కార్యాలయంలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. మా దగ్గర ఒకసారి రెండు సెక్షన్లను ఒకటి చేశారు. మొదటి వారంలోనే బోర్డుకు కొత్త రంగు పడింది, కొత్త రబ్బరు స్టాంపు వచ్చింది. ఇన్‌వార్డు రిజిస్టర్లు మాత్రం రెండూ అలాగే ఉండిపోయాయి. తపాలా వచ్చినప్పుడల్లా ఎందులో ఎక్కించాలో తెలియక అటెండరు నా బల్ల దగ్గర నిలబడేవాడు. పాత లెటర్‌హెడ్ల మీద పేరును స్కేలు పెట్టి కొట్టేసి, కింద కొత్త పేరు టైపు చేసి పంపేవాళ్లం. ఆ కట్టలు రెండేళ్లు వచ్చాయి!

జల్‌శక్తిలోకి రానివీ ఉన్నాయి. నగరాల తాగునీరు పట్టణ వ్యవహారాల శాఖది. నదుల కాలుష్యాన్ని కొలిచే కేంద్ర మండలి పర్యావరణ శాఖ కింద ఉంది. వాన నీటిని, మట్టిని కొట్టుకుపోకుండా ఆపే వాటర్‌షెడ్ పనులు గ్రామీణాభివృద్ధి శాఖ చూస్తుంది.

అలాగని ఒరిగిందేమీ లేదనను. భూగర్భజలాన్ని కొలిచే కేంద్ర మండలీ, పల్లెల్లో కుళాయిల పథకం చూసే విభాగమూ ఇప్పుడు ఒకే మంత్రి కింద ఉన్నాయి. బోరు ఎండితే గొట్టంలోకి నీళ్లెక్కడివని సభలో అడిగితే, పక్క మంత్రిని అడగండి అని తప్పించుకోవడం కుదరదు. 2019 ఆగస్టులో 3.23 కోట్ల పల్లె ఇళ్లకే ఉన్న కుళాయిలు 15 కోట్లు దాటాయని కేంద్రం లెక్క. దాన్ని విలీనం ఖాతాలో వేయడానికి నాకు మనసొప్పదు. అది డబ్బు పోసి నడిపిన ఆ కుళాయిల పథకం, జల్ జీవన్ మిషన్, ఫలం. మీ తెలంగాణలోనైతే అంతకుముందే మిషన్ భగీరథ మొదలైంది.

ఇక మీ చెరువు. రాజ్యాంగం ప్రకారం సాగునీరు రాష్ట్రాల జాబితాలోది, కాబట్టి ఢిల్లీకి రాసి లాభం లేదు. మీ ప్రాంత నీటిపారుదల ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు(ఈఈ)కి అర్జీ ఇవ్వండి. చెరువు పేరు, సర్వే నంబరు, తూము ఎంతవరకు పూడిందో రాయండి. రెండు కాపీలు తీసుకెళ్లి, మీ దగ్గరుంచుకునే కాపీ మీద ఇన్‌వార్డు నంబరు వేయించుకున్నాకే బయటికి రండి.