మా అబ్బాయికి బొమ్మలు బాగా వచ్చు. పేపర్లో రోజూ కార్టూన్ స్ట్రిప్ గీసేదాకా ఎలా వెళ్లాలి?

విశాఖలో ఒక పత్రికకి తొమ్మిదేళ్లు రోజూ మూడు గళ్ల స్ట్రిప్ గీశాను. నాకు తెలిసింది చెప్తాను.

మా నాన్నగారు పోర్టులో గుమస్తా. ఒకవైపు టైపు కొట్టి పక్కన పడేసిన కాగితాలు తెచ్చేవారు. రెండోవైపు నాది. వారపత్రికల్లో బాపు, జయదేవ్ గార్ల కార్టూన్లు చూసి దించేవాణ్ణి. మన ఊళ్లోనే ఉంటూ రాగతి పండరి గారు వేలకొద్దీ కార్టూన్లు వేశారని తెలిశాక ధైర్యం వచ్చింది. పోస్టుకార్డు సైజులో ఇండియన్ ఇంకుతో వేసి, నా అడ్రసే రాసిన స్టాంపు కవరు జతచేసి పంపేవాణ్ణి. అవి చక్కగా తిరిగొచ్చేవి. "ఏటి బాబూ, నీకు నువ్వే ఉత్తరాలు రాసుకుంతున్నావా?" అనేవాడు పోస్ట్‌మాన్.

విడి కార్టూన్‌లో జోకు పేలితే ఆ మనుషులతో పని అయిపోయినట్టే. స్ట్రిప్‌లో వాళ్లే రేపూ రావాలి. నా మొదటి స్ట్రిప్ ఇరవై రోజులకే ఎండిపోయింది. తర్వాత పూర్ణా మార్కెట్ దగ్గర టీ కొట్టులో రోజూ తగువులాడుకునే ఇద్దరు రిటైరైన పెద్దమనుషులు దొరికారు. వాళ్ల తగువు ఇప్పటికీ తేలలేదు.

ఇంకోటి, ముందు మాటలు రాసి తర్వాతే బొమ్మ వేయాలి. మన అక్షరాలకి పైన గుడులు, కింద వత్తులు. వరసల మధ్య చోటు వదలకపోతే, అచ్చులో సైజు తగ్గించేసరికి అన్నీ అలుక్కుపోతాయి.

పత్రిక దగ్గర ఎప్పుడూ పది స్ట్రిప్‌లు నిల్వ ఉంచేవాణ్ణి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, కొత్తది పంపే దారి లేదు. వాళ్లు నిల్వలోది వేసేశారు. అందులో ముసలాయన గీజర్ ఆపడం మర్చిపోయాడని భార్య సాధిస్తోంది! ఊరంతా బిందెలతో ట్యాంకర్ల వెంట తిరుగుతోంది. టీ కొట్టాయన పేపరు చూపించి, "ఆ గీజరు ఎక్కడుందో చెప్పండి బాబూ, తానానికి వచ్చేత్తాం" అన్నాడు. ఆ తర్వాత నిల్వ స్ట్రిప్‌లలో కరెంటు, వాన ఊసెత్తలేదు.

డబ్బు సంగతంటారా, ఇల్లు గడిచింది వేరే ఉద్యోగం మీదే.

ఒకే ఇద్దరు మనుషులతో ముప్పై స్ట్రిప్‌లు గీయమనండి మీవాణ్ణి. ఆఖరి మూడూ ఇక్కడ ఫొటో తీసి పెట్టండి, చూస్తాను.