కొలిగేటివ్ ప్రాపర్టీస్ ఫార్ములాలన్నీ వచ్చు, అయినా లెక్కలు తప్పుతున్నాయి. ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న: వనపర్తిలో బైపీసీ సెకండ్ ఇయర్ చదువుతున్న అమ్మాయిని. ద్రావణాలు చాప్టర్‌లో కణాధార ధర్మాల (కొలిగేటివ్ ప్రాపర్టీస్) సూత్రాలన్నీ కంఠతా వచ్చు. కానీ వాంట్ హాఫ్ ఫ్యాక్టర్ ఎప్పుడు పెట్టాలో, మొలాలిటీ ఎక్కడ, మొలారిటీ ఎక్కడ వాడాలో తెలియక ప్రతిసారీ తప్పు చేస్తున్నాను. పరీక్షలంటే టెన్షన్‌గా ఉంది. ఎవరైనా అర్థమయ్యేలా చెప్పగలరా?

జవాబు:

చెల్లెమ్మా, ఈ చాప్టర్‌లో నేను తిన్నన్ని దెబ్బలు నువ్వింకా తిని ఉండవు. నల్లగొండలో ఇంటర్ చదివేటప్పుడు ప్రీఫైనల్‌లో ఒక లెక్క ఇచ్చారు: కిలో నీళ్ళలో 5.85 గ్రాముల ఉప్పు కరిగిస్తే ఆ నీళ్ళు ఎన్ని డిగ్రీల దగ్గర గడ్డకడతాయి? 5.85ని ఉప్పు అణుభారం 58.5తో భాగించి 0.1 అన్నాను, నీళ్ళ ఘనీభవన స్థిరాంకం 1.86తో గుణించాను, మైనస్ 0.186 అని రాసి కింద రెండు గీతలు కొట్టి మరీ వచ్చాను. సరైన జవాబు మైనస్ 0.372. తప్పెక్కడ సార్ అని అడిగితే "ఐ మర్చిపోయినవ్" అన్నారు, నువ్వడిగిన వాంట్ హాఫ్ ఫ్యాక్టరే ఆ ఐ. ఐ అంటే ఏంది సార్ అంటే "ఫార్ములాల ఉంటది, రాయాలె" అన్నారు. ఆ తర్వాతి పరీక్షలో నేను చాలా జాగ్రత్తపడి గ్లూకోజ్ లెక్కను కూడా రెండుతో గుణించాను. అదీ తప్పే.

విషయం తలకెక్కింది మాత్రం డిగ్రీలో ఉండగా, ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ వల్ల. ఎండాకాలం మా నాన్నకు విరేచనాలు పట్టుకుంటే లీటరు నీళ్ళలో పొడి కలుపుతూ ప్యాకెట్ వెనక చదివాను. గ్లూకోజ్ 13.5 గ్రాములు, సోడియం క్లోరైడ్ 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. ఆస్మొలారిటీ, అంటే లీటరులో కరిగి ఉన్న కణాలన్నీ కలిపి ఎన్ని మిల్లీమోల్‌లో ఆ లెక్క, 245. ఈ 245 ఎక్కడి నుంచి వచ్చిందా అని అక్కడే కూర్చుని లెక్క వేశాను. నువ్వూ వేసి చూడు.

గ్లూకోజ్ అణుభారం 180, కాబట్టి 13.5 గ్రాములంటే 75 మిల్లీమోల్‌లు. అది నీళ్ళలో విడిపోదు, 75 మిల్లీమోల్‌లంటే 75 మిల్లీమోల్‌ల కణాలే. ఉప్పు 2.6 గ్రాములు సుమారు 44.5 మిల్లీమోల్‌లు. అది సోడియం, క్లోరైడ్‌గా విడిపోతుంది, 89 అవుతుంది. పొటాషియం క్లోరైడ్ 20, విడిపోతే 40. సిట్రేట్ దాదాపు 10, అందులో మూడు సోడియంలు, ఒక సిట్రేట్, అంటే ఒక్కోదానికి నాలుగు ముక్కలు, మొత్తం 40. అన్నీ కూడితే 244. ప్యాకెట్ మీద 245. ఆ రోజు నాకు కలిగిన సంతోషం మా నాన్నకు అర్థం కాలేదు, ఆయన బాధలో ఆయన ఉన్నారు.

ఇంకో సంగతి గమనించు. ప్యాకెట్‌లో ఉన్న 20.5 గ్రాముల్లో 13.5 గ్రాములు గ్లూకోజే, అంటే మూడింట రెండు వంతులు. కానీ కణాల లెక్కలో దాని వాటా 245లో 75, మూడో వంతు కూడా లేదు. పెళ్ళిలో బంతికి ఎన్ని విస్తర్లు పడ్డాయో లెక్కపెడతాం గానీ కూర్చున్నవాళ్ళను తూకం వేయం కదా. కణాధార ధర్మం అంటే అదే. ఎవరు వచ్చారు, ఎంత లావున్నారు అనేది దానికి పట్టదు, ఎన్ని విస్తర్లు అనేదే పడుతుంది. గ్లూకోజ్, యూరియా, చక్కెర ఒంటరిగా వస్తాయి, ఐ విలువ 1. ఉప్పుకు ఒక్క శుభలేఖ ఇస్తే ఇద్దరు వస్తారు, 2. పొటాషియం సల్ఫేట్‌కు ముగ్గురు. పొటాషియం ఫెర్రోసయనైడ్ నాలుగు పొటాషియంలను వెంటబెట్టుకొస్తుంది, మొత్తం ఐదు. బెంజీన్‌లో ఎసిటిక్ ఆమ్లం మాత్రం ఉల్టా, రెండేసి అణువులు జతకట్టి ఒకే విస్తరి ముందు కూర్చుంటాయి, అందుకే అక్కడ ఐ దాదాపు సగం. నిజానికి ఉప్పు ద్రావణం చిక్కబడేకొద్దీ ఐ సరిగ్గా 2 రాదు, కొంచెం తగ్గుతుంది, అయాన్లు ఒకదాన్నొకటి లాక్కుంటాయి కాబట్టి. లెక్కలో పూర్తిగా విడిపోయిందని చెబితే 2 వేసుకో. ఎంత శాతం విడిపోయిందో ఇస్తే దాన్ని బట్టి లెక్కగట్టాలి.

బైపీసీ కాబట్టి ఒక పక్క ముచ్చట: ఓఆర్ఎస్ పాత ఫార్ములా ఆస్మొలారిటీ 311 ఉండేది, 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని 245కు దించింది. మన రక్తానిది 290 చుట్టుపక్కల. ఈ మూడు అంకెల్నీ పక్కపక్కన పెట్టుకుంటే ఎందుకు దించారో నీకే తడుతుంది.

ఇక ఎందుకు ఇలా జరుగుతుందనేది. నాలుగు ధర్మాలు వేరువేరుగా చదివితే నాలుగు బరువులు. ఒకటే కథ అనుకో. నీళ్ళలో ఏదైనా కరిగితే ఆ నీళ్ళకు ద్రావణాన్ని వదిలి పోవాలనే ఊపు తగ్గుతుంది. పైకి ఆవిరై పోవడం తగ్గుతుంది, అది బాష్పపీడన నిమ్నత, రౌల్ట్ నియమం చెప్పేది దీన్నే. ఆవిరి పీడనం బయటి గాలి పీడనాన్ని అందుకోవాలంటే ఇంకాస్త వేడి కావాలి, అది మరుగు స్థానం పెరగడం. మంచుగా మారడానికీ తొందరపడవు, ఇంకాస్త చల్లబరచాలి, అది ఘనీభవన స్థానం తగ్గడం. నీళ్ళను మాత్రమే పోనిచ్చే పొర దాటి అవతలికి పోవడానికి వెనకాడతాయి, అవతల ఉన్న మంచినీళ్ళు మాత్రం ఇటు వస్తూనే ఉంటాయి, దాన్ని ఆపడానికి కావలసిన ఒత్తిడి ద్రవాభిసరణ పీడనం, ఆస్మాటిక్ ప్రెషర్. ఈ లెక్కలు కట్టిన వాంట్ హాఫ్‌కే 1901లో రసాయనశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ ఇచ్చారు.

మరుగు స్థానం గురించి ఎక్కువ చెప్పను, అది చాలా చిన్న మార్పు. అన్నం ఎసరులో ఉప్పేస్తే తొందరగా ఉడుకుతుందని కొందరంటారు. కిలో నీళ్ళకు 10 గ్రాముల ఉప్పేస్తే పెరిగేది 0.18 డిగ్రీలు. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ మామూలు నీళ్ళు 98.3 డిగ్రీల చుట్టుపక్కలే మరుగుతాయి. నువ్వు ఉప్పేసినా వంద దాటదు. ఉప్పు రుచికి వేసుకోవాలంతే.

గడ్డకట్టేది అలా కాదు, కళ్ళకు కనిపిస్తుంది. చిన్నప్పుడు కురుమూర్తి జాతరకు పోతే కుల్ఫీ బండి దగ్గర నిలబడి చూసేవాణ్ణి. డబ్బాలో కొట్టిన ఐసు, దాని మీద గుప్పెళ్ళకొద్దీ దొడ్డుప్పు. ఐసు కరిగిపోదా అని అడిగితే "ఉప్పెయ్యకుంటే పాలు గడ్డగట్టయి బిడ్డా" అన్నాడాయన. రెండూ నిజమే. ఉప్పు తగిలితే ఐసు కరుగుతుంది, కరగడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్నవాటి నుంచే లాక్కుంటుంది. ఉప్పునీళ్ళు సున్నా దగ్గర గడ్డకట్టవు కాబట్టి ఇంకా ఇంకా చల్లబడతాయి, కిందికి మైనస్ 21 దాకా పోగలవు. అప్పుడు ఉప్పు శాతం 23 చిల్లర. దీన్ని మన సూత్రంలో పెడితే మైనస్ 19 చిల్లర వస్తుంది, 21 రాదు. సూత్రం విలీన (పలచని) ద్రావణాలకే అని పుస్తకంలో ఒక లైన్ ఉంటుంది చూడు, ఆ లైన్ అర్థం ఇదే.

నాలుగో ధర్మం మా ఇంటి ధర్మం. మునుగోడు వైపు మా ఊళ్ళో మా చిన్నాయనకు ఆర్‌వో (రివర్స్ ఆస్మాసిస్) ప్లాంట్ ఉండేది, సెలవుల్లో క్యాన్లు నింపేది నేనే. బోరు నీళ్ళ టీడీఎస్ 1500 ఉండేది, అంటే లీటరులో ఒకటిన్నర గ్రాముల లవణాలు. అదంతా ఉప్పే అనుకుని లెక్క వేస్తే ద్రవాభిసరణ పీడనం 1.3 అట్మాస్ఫియర్ల లోపే. కానీ ప్లాంట్ గేజీలో ముల్లు పది దగ్గర ఉండేది. ఎందుకింత అని చాన్నాళ్ళు అర్థం కాలేదు. 1.3 అనేది నీళ్ళు అటూ ఇటూ పోకుండా ఆపే ఒత్తిడి మాత్రమే. దాన్ని దాటితేనే నీళ్ళు ఉల్టా దిక్కున కదులుతాయి, ఎంత ఎక్కువ దాటితే అంత జోరుగా వస్తాయి. పైగా సగం నీళ్ళు బయటికి తీశామంటే మిగిలినవాటిలో లవణాలు రెట్టింపు, వాటి పీడనమూ రెట్టింపు. ఎండాకాలం బోరు లోతుకు పోయి టీడీఎస్ పెరిగితే అదే మోటారు తక్కువ మంచినీళ్ళిచ్చి ఎక్కువ రిజెక్ట్ వాటర్ వదిలేది. మా చిన్నాయన పొర పాడైందనుకుని టెక్నీషియన్‌ను పిలిచేవాడు.

నల్లగొండ వాణ్ణి కాబట్టి ఇంకోటి చెప్పకుండా ఉండలేను. మా దగ్గర టీడీఎస్ పెన్ను ముంచి "నీళ్ళు మంచిగున్నయ్" అనేవాళ్ళు చాలామంది. ఆ పెన్ను కొలిచేది కరెంటును మోసుకుపోయే అయాన్లన్నిటినీ కలిపి, అందులో ఎవరెవరున్నారో దానికి తెలియదు. లీటరులో 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటే ఆ 1500 టీడీఎస్ నీళ్ళలో అది సుమారు 250 కణాల్లో ఒక్కటి. ద్రవాభిసరణ పీడనం దాన్ని పట్టించుకోనే పట్టించుకోదు. కానీ భారతీయ ప్రమాణాల ప్రకారం తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5. ఆ ఒక్క కణమే మా పెద్దల కాళ్ళూ నడుములూ వంచింది. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారుచేసిన నల్లగొండ టెక్నిక్‌లో పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను కిందికి దింపుతారు, దానికీ ఆస్మాసిస్‌కూ సంబంధం లేదు. అది రసాయన గుణం, ఎవరు అనే దాని మీద ఆధారపడేది. నీ చాప్టర్‌లోది ఎందరు అనే దాని మీద. పరీక్షలో కణాధార ధర్మం నిర్వచనం అడిగితే నాకు ఇప్పటికీ ఈ రెండే గుర్తొస్తాయి.

మొలాలిటీ, మొలారిటీ గొడవ చిన్నది. వేడి చేసినా చల్లబరిచినా ద్రావణం ఘనపరిమాణం మారుతుంది, బరువు మారదు. మరుగు, ఘనీభవన లెక్కల్లో ఉష్ణోగ్రతే మారుతోంది కాబట్టి కిలో ద్రావణికి లెక్కగట్టే మొలాలిటీ. ద్రవాభిసరణ పీడనం ఒక స్థిరమైన ఉష్ణోగ్రత దగ్గర కొలుస్తాం, వాయు సమీకరణం లాంటి సూత్రం, అందుకే లీటరుకు లెక్కగట్టే మొలారిటీ. అక్కడ డిగ్రీలను కెల్విన్‌లోకి మార్చడం మర్చిపోకు, నా పాత పేపర్లలో ఆ తప్పు కూడా దండిగా ఉంది.

ప్రోటీన్ల అణుభారానికి ద్రవాభిసరణ పీడనమే ఎందుకు అని తరచుగా అడుగుతారు. 0.01 మోలార్ గ్లూకోజ్ తీసుకో. మరుగు స్థానం 0.005 డిగ్రీలు పెరుగుతుంది, ఘనీభవనం 0.019 డిగ్రీలు తగ్గుతుంది, మామూలు థర్మామీటర్‌కు ఇవి కనపడనే కనపడవు. అదే ద్రావణం ద్రవాభిసరణ పీడనం 25 డిగ్రీల దగ్గర 0.245 అట్మాస్ఫియర్లు, అంటే రెండున్నర మీటర్ల నీటి మట్టం, మనిషి నిలువు దాటి. ప్రోటీన్ ద్రావణం ఇంకా పలచన, అయినా కొలవదగ్గంత ఎత్తు వస్తుంది. పైగా గది ఉష్ణోగ్రతలోనే కొలవచ్చు, వేడిచేసి ప్రోటీన్‌ను చెడగొట్టుకోనక్కర్లేదు.

లెక్క చూడగానే ఫార్ములా రాయకు. ముందు మార్జిన్‌లో ఆ పదార్థం నీళ్ళలో ఎన్ని ముక్కలవుతుందో రాసుకో, తర్వాతే మిగతాది. ఒకటి ఇస్తున్నాను: కిలో నీళ్ళలో 17.4 గ్రాముల పొటాషియం సల్ఫేట్ కరిగి పూర్తిగా విడిపోయింది, అణుభారం 174, ఎక్కడ గడ్డకడుతుంది? మైనస్ 0.558 వస్తే సరిపోయింది. మైనస్ 0.186 వచ్చి, కింద రెండు గీతలు కూడా కొట్టావంటే, నా ప్రీఫైనల్ పేపరే మళ్ళీ రాశావన్నమాట.