ఒకే కిటికీ ఉన్న హాలుకు ముదురు ఆలివ్ ఆకుపచ్చ వేయించవచ్చా?

పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, ఒకే కిటికీ ఉన్న హాలుకు నాలుగు గోడలా ముదురు ఆలివ్ ఆకుపచ్చ వేయిస్తే గది చీకటిగా మారుతుందేమోనని అడిగారు. విజయవాడలోని మా ఫ్లాటులో, ఇంచుమించు అంతే ఉన్న హాలుకు మూడేళ్ల క్రితం ఆ రంగే వేయించాను. నా సలహా ఒక్క గోడకే వేయించమని, అదీ మీ ఇంటి లైట్లను చూసుకున్న తరువాతనే.

షేడ్ కార్డు మీద వేలెడు ముక్కను చూసి రంగు ఖాయం చేయడం నేను చేసిన పెద్ద పొరపాటు. ఆలివ్‌లో ఆకుపచ్చతో పాటు పసుపు, నలుపు ఛాయలు కలిసి ఉంటాయి కనుక, మీద పడే వెలుగును బట్టి వాటిలో ఏదో ఒకటి పైకి తేలుతుంది. మా హాలులో అప్పట్లో 6500 కెల్విన్ల (వెలుగు రంగును తెలిపే కొలత) తెల్లని ట్యూబులైట్లు ఉండేవి. పగలు నూరిన గోరింటాకులా నిండుగా ఉన్న గోడ, రాత్రి లైటు వేయగానే మిలటరీ లారీలా బూడిద పచ్చగా కనిపించేది. (మా అమ్మ పాచి పట్టిన నూతి వరలతో పోల్చింది, నిజానికి ఆ పోలికే సరిపోయింది.) గోడను ముట్టుకోకుండా 3000 కెల్విన్ల పసుపు వెలుగు బల్బులు పెట్టించాక ఆ బూడిదతనం పోయింది. అందువల్ల ముందు బల్బులు మార్చి, తరువాత చిన్న శాంపిల్ డబ్బా తెచ్చి, రెండడుగుల అట్టకు రెండు కోటింగులు వేసి, ఉదయం, సాయంత్రం, రాత్రి గోడకు ఆనించి చూడండి.

కిటికీ ఉన్న గోడకు మాత్రం ఈ రంగు వద్దు. బయటి వెలుగు సూటిగా కళ్లలో పడుతున్నప్పుడు ఆ గోడ ఎలాగూ మసకగానే కనిపిస్తుంది. ముదురు రంగు తోడైతే నల్లగానే తోస్తుంది. కిటికీకి ఎదురు గోడ మేలు. మిగిలిన మూడింటికీ, సీలింగుకూ మీగడ తెలుపు వేయించండి. టేకు తలుపు, ఇత్తడి కుందులు ఈ పచ్చదనం ముందు బాగా పొసుగుతాయి.

ఫినిష్ విషయంలో మేస్త్రి మాటతో పాటు మీ గోడ పరిస్థితినీ చూసుకోవాలి. పూర్తి మ్యాట్ అయితే సోఫా రాసుకున్న చోటల్లా మెరిసే చారలు పడతాయి. బాగా మెరిసే రకమైతే లప్పంలోని ఎగుడుదిగుళ్లన్నీ బయటపడతాయి. మేము రెండింటికీ మధ్యస్థంగా, కొద్దిపాటి మెరుపు ఉన్నది తీసుకున్నాము. గోడలో చెమ్మ ఉంటే అది ఆరేవరకు పని మొదలుపెట్టకండి, ఎందుకంటే ఉప్పు పూసిన తెల్లని మరకలు లేత రంగులో అంతగా తెలియకపోయినా, ఈ రంగు మీద ముగ్గుపిండి చల్లినట్లు కనిపిస్తాయి.

రంగు మొత్తం ఒకేసారి కొని, డబ్బాలన్నీ ఒకే బకెట్టులో పోసి కలిపించండి. రెండు కోటింగులకు చాలుతుందని మేము తెచ్చినది మూడో కోటింగుకు చాలక, మళ్లీ కలిపించి తెచ్చిన డబ్బా రవ్వంత తేడాగా వచ్చింది. తరువాత ఒక మేకు రంధ్రం పూడ్చి, మిగిలిన రంగు అక్కడ అద్దితే మచ్చ తేలింది. చివరికి ఆ గోడనంతటినీ ఈ మూలనుంచి ఆ మూలకు మళ్లీ వేయించవలసి వచ్చింది.