ఆటకట్టు లేకుండా గెలిచే చదరంగం ఉందా, పిల్లలకు నేర్పవచ్చా?

ఉంది, నిక్షేపంగా నేర్పవచ్చు. దానివల్ల అసలు ఆట చెడిపోతుందేమోనని అడిగారు. చెడిపోదు, పదునెక్కుతుంది.

మేం ఆడేది యాంటీచెస్. తన పావులన్నీ ముందుగా పోగొట్టుకున్నవారే గెలిచినట్టు. చంపే వీలుంటే చంపి తీరాలి. రెండు మూడు వీలుంటే ఏది చంపాలన్నది మన ఇష్టం. చెక్ లేదు, రాజునూ చంపేయవచ్చు. చివరి వరుస చేరిన బంటును రాజుగా కూడా మార్చుకోవచ్చు.

విజయనగరంలో సిరిమాను పండుగకు మా వాళ్లందరం మూడు లాంతర్ల దగ్గర పెదనాన్నగారింటికి చేరుతాం. మధ్యాహ్నం సిరిమాను తిరిగేదాకా అరుగు మీద చదరంగమే. ఒక ఏడు ఆయన తెల్లపావులు, తొమ్మిదేళ్ల మనవరాలు నల్లపావులు తీసుకున్నారు. ఆయన మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు నడిపారు. ఆ పిల్ల రాజు ముందున్న బంటును రెండు గళ్లు తెచ్చి దానికి ఐమూలగా నిలిపింది. చంపక తప్పదు, చంపారు. వెంటనే ఆమె తన మంత్రిని తెచ్చి శకటుకు ఎదురుగా పెట్టింది.

"మంత్రి పోతుందమ్మా, చూసుకో" అన్నారాయన, అలవాటు కొద్దీ.

"పోవాలనే పెట్టాను తాతయ్యా, తీసుకో."

ఆయన మంత్రితో బంటునైనా చంపవచ్చు, శకటుతో మంత్రినైనా చంపవచ్చు. చాలాసేపు చూసి, మంత్రినే తీసుకున్నారు. ఆట ముగిసేసరికి ఆయన సైన్యం సగం నిలిచే ఉంది, ఆమె వైపు పలక ఖాళీ.

ఎత్తు వేసే ముందు ఎదుటివారు ఏం చంపగలరో చూడడమే చదరంగానికి పునాది. అది ఈ ఆటలో వచ్చినంత త్వరగా మరెక్కడా రాదు. మా ఊళ్లో ఒక శిక్షణ కేంద్రం వారు మాత్రం ఇలాంటివి ఆడితే రేటింగ్ (పోటీల్లో ఆటగాడి స్థాయిని చూపే అంకె) పడిపోతుందని తల్లిదండ్రులను భయపెడుతున్నారు. పిల్లల చేత ఓపెనింగులు, అంటే ఆట ఆరంభపు ఎత్తుల వరుసలు, బట్టీ పట్టించి, ఆరో ఎత్తుకే బిక్కమొహం వేయించేది వాళ్లే! ఆ ఫీజులు చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇది పిల్లల కాలక్షేపం అనేవారికి ఒక మాట. 2016లో మార్క్ వాట్కిన్స్ అనే గణితవేత్త కంప్యూటర్ల సాయంతో దీని లెక్క తేల్చేశారు: తెల్లపావుల వారు రాజు ముందున్న బంటును ఒక్క గడి జరిపి మొదలుపెడితే, తప్పు చేయనంతవరకు గెలుపు వారిదే. మంత్రి ముందున్న బంటును ఒక గడి జరిపినా, రెండు జరిపినా ఓటమే. మామూలు చదరంగానికి ఇలాంటి తీర్పు నేటికీ లేదు.

మొదలుపెట్టే ముందు ఒక్కటి మాట్లాడుకోండి: పావులున్నా కదిలే దారి లేకపోతే ఎవరు గెలిచినట్టు? కొందరు తక్కువ పావులున్నవారిని గెలిపిస్తారు. మేం మాత్రం కదలలేనివారికే గెలుపు ఇస్తాం.